దూరపు కంప్యూటరుకు మాట వేరు, మూట వేరు

కువైట్ నుండి కడపకో, రాజమండ్రికో బయలుదేరే వారి చేత మన కుటుంబాలవారు మాటా పంపుతారు, మూటా పంపుతారు. నోటిమాట విన్నవారి గ్రహింపును బట్టి మారవచ్చును. కట్టి ఇచ్చిన మూట ఉన్నది ఉన్నట్లే చేరుతుంది. కువైట్‌లో కూర్చుండి హైదరాబాదులోని కంప్యూటరు చేత పని చేయించేవారికి ఈ భేదం తెలిసి ఉండుట అవసరం.

ఇందుకు విరివిగా వాడే సాధనం ఎస్‌ఎస్‌హెచ్. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడగా, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దీనిని రూపొందించాడు. పూర్వపు టెల్‌నెట్‌లో పాస్‌వర్డు సైతం పోస్టుకార్డు మీది వ్రాతవలె బాహాటంగా పోయేది. ఎస్‌ఎస్‌హెచ్ సమస్తాన్నీ గూఢలిపిలోనికి మార్చి పంపుతుంది.

దారి భద్రమైనంత మాత్రాన మాట సరిగా చేరుతుందని కాదు. ‘ఫొటోలు పాతవి’ అనే ఫోల్డరును అక్కడ తుడిచివేయవలెననుకుందాం. పేరు నడుమ ఖాళీ ఉన్నందున దానికి కొటేషన్ గుర్తులు పెట్టి టైపు చేస్తాము. ఆజ్ఞలను చదివే ప్రోగ్రామును ‘షెల్’ అంటారు. కువైట్‌లోని షెల్ ఆ గుర్తులను చదివి తొలగిస్తుంది. మిగిలిన పదాలను ఎస్‌ఎస్‌హెచ్ ఖాళీలతో కలిపి ఒకే వాక్యంగా పంపుతుంది. హైదరాబాదులోని షెల్ దానిని మొదటినుండి మరల విడదీస్తుంది. దానికి కనిపించేవి ‘ఫొటోలు’, ‘పాతవి’ అనే రెండు పేర్లు! ‘ఫొటోలు’ పేరిట అసలు ఫోల్డరు ఉన్నదా, పిల్లల బాల్యమంతా క్షణంలో మాయం. ఇక్కడ యంత్రం చేసిన తప్పేమీ లేదు. వాక్యాన్ని ఇద్దరు చదివారు, అంతే. అందుచేత పేరుకు ఒక జత గుర్తులు, మొత్తం ఆజ్ఞకు వేరొక రకపు గుర్తులు మరొక జత ఉండవలెను.

మూట మార్గం వేరు. 1973లో యునిక్స్‌లో ప్రవేశించిన ‘పైపు’ ద్వారా సమాచారాన్ని ఆజ్ఞలో చేర్చక దాని వెంట పంపవచ్చును. టార్ అనే ప్రోగ్రాము ఇక్కడ ఫోల్డరును మూటగట్టి ఎస్‌ఎస్‌హెచ్‌కు అందిస్తే, అక్కడి టార్ దానిని విప్పుతుంది. నడుమ షెల్ ఆ మూటను విప్పి చూడదు; ఖాళీలూ, కొటేషన్లూ, తెలుగు అక్షరాలూ చెక్కుచెదరవు. రహస్యాలకూ ఇదే తగిన దారి. ఆజ్ఞలో వ్రాసిన పాస్‌వర్డు, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో ఆ కంప్యూటరును వాడే ఇతరులకూ కనిపించవచ్చును.

మూటకూ ఒక గండం కలదు. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా సమీపాన సముద్రగర్భ కేబుళ్లు తెగి, కువైట్‌లోనూ, భారతదేశంలోనూ ఇంటర్నెట్ కుంటుపడింది. అటువంటి వేళ బదిలీ మధ్యలో తెగితే, అక్కడి ప్రోగ్రాము సమాచారం ముగిసిందనుకొని సగం ఫైలునే భద్రపరచవచ్చును. రెండు చోట్లా ఫైలుకు షా-256 సంకేతాన్ని లెక్కించి, రెండూ సరిపోలిన పిదపనే ఇక్కడి ప్రతిని తొలగించవలెను.