చిన్న పడవకు ఏ మోటారు బిగించవలెను?

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతుకు పడవయే బండి. తెల్లవారి కూలీలను, ఎరువు బస్తాలను అవతలి ఒడ్డుకు చేర్చవలెనన్నను, సాయంకాలము అరటి గెలలను, కూరగాయలను రేవుకు తేవలెనన్నను పడవ తప్ప మరొక దారి లేదు. తీరికగా ఉన్ననాడు గాలము పట్టుకొని ఏటిలోనికి పోవువారికిని ఆ పడవయే. ఇన్నాళ్లు గడతోను, తెడ్డుతోను నడిపినవారు పలువురు ఇప్పుడు మోటారు బిగించుకొనుచున్నారు. ఇది మంచిదే. కాని పక్కవాడు కొన్న మోటారునే చూచి తానును కొనువాడు తరచు నష్టపడును. మోటారు తక్కువైన ఏటిలో నిలువలేము. ఎక్కువైన ప్రతిదినము ఇంధనము రూపమున డబ్బు నీళ్లపాలగును. ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణమునకే ముప్పు వచ్చును. కాబట్టి కొనుటకు ముందే లెక్క చూచుకొనవలెను.

పడవ వెనుక భాగమునకు, అనగా అమరమునకు, మరలతో బిగించి కావలసినప్పుడు ఊడదీసి ఇంటికి తీసికొనిపోగల మోటారును ఔట్‌బోర్డు మోటారు అందురు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకమునకు తెచ్చిన తరువాత ఇది లోకమంతట వ్యాపించినది. ఇంజను పైన, పంకా నీటి అడుగున, రెంటి నడుమ నిలువు గొట్టములో తిరుగు కడ్డీ ఉండును. మోటారును అటు ఇటు త్రిప్పిన పడవ మళ్లును గనుక వేరే చుక్కాని అక్కర లేదు.

ఎంత శక్తి కావలెను?

రైతులలో ఒక అపోహ గలదు. ఐదు అశ్వశక్తుల మోటారుతో గంటకు పది కిలోమీటర్లు పోవు పడవకు పది అశ్వశక్తుల మోటారు బిగించిన ఇరవై కిలోమీటర్లు పోవునని అనుకొందురు. అది నిజము కాదు. బరువుతో పోవు పడవ తన ముందొక అలను, వెనుక నొక అలను లేపుకొనుచు పోవును. వేగము పెరిగినకొలది ముందటి అల పెద్దదై, పడవ ఆ అల ఎక్కవలసిన గట్టువలె అగును. ఆ గట్టు దాటుటకు బరువైన నాటు పడవకు శక్తి చాలదు. ఈ హద్దు పడవ పొడవును బట్టి ఉండును. నీటిని తాకు పొడవు 18 అడుగులున్న పడవకు హద్దు గంటకు సుమారు పదిన్నర కిలోమీటర్లు. 25 అడుగులున్నచో సుమారు పన్నెండున్నర. ఆపైన మీరెంత త్రిప్పినను పడవ వెనుకభాగము క్రుంగి, ముందుభాగము లేచి, అల పెద్దదగునే గాని దారి సాగదు. తేలికైన, అడుగు చదునైన ఫైబరు పడవలు ఒకరిద్దరితో పోవునప్పుడు మాత్రము నీటిపైకి లేచి జారిపోగలవు. నాలుగు బస్తాలు వేయగానే ఆ లాభము పోవును.

కాబట్టి పడవ, మనుష్యులు, సరుకు, మోటారు కలిపి ఎంత బరువగునో ముందు అంచనా వేయవలెను. టన్నుకు నాలుగైదు అశ్వశక్తులు చాలును. 250 కిలోల పడవలో నలుగురు మనుష్యులు, ఆరు బస్తాల ఎరువు వేసికొన్నను మొత్తము టన్నుకు మించదు. దీనికి ఐదారు అశ్వశక్తుల మోటారు సరిపోవును. ఒక్కరే గాలము వేయుటకు పోవు చిన్న దోనెకు రెండు, రెండున్నర అశ్వశక్తులే ఎక్కువ.

రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

పెట్రోలు మోటారులు రెండు విధములు. రెండు స్ట్రోకుల మోటారులో నూనెను పెట్రోలులోనే కలిపి పోయవలెను. నిర్మాణము సులువు, బరువు తక్కువ, పల్లెటూరి మెకానిక్కు కూడ విప్పి బిగించగలడు. ఎనిమిది, పది అశ్వశక్తులది సుమారు 27 నుండి 37 కిలోల వరకు ఉండును. అయితే కాలని పెట్రోలు కొంత పొగతో బాటు బయటికి పోవును. నిండు వేగమున అశ్వశక్తికి గంటకు సుమారు అర లీటరు త్రాగును. నాలుగు స్ట్రోకుల మోటారునకు నూనె వేరుగా ఉండును. అదే శక్తికి బరువు కొంచెమెక్కువ, ధర ఎక్కువ, కాని అశ్వశక్తికి గంటకు మూడింట ఒక వంతు లీటరుతో సరిపెట్టుకొనును.

ఈ తేడా చిన్నదిగా తోచవచ్చును. ఒక ఉదాహరణ చూతము. మీ లంక ఒడ్డుకు రెండు కిలోమీటర్ల దూరము, రోజుకొక్కసారి పోయి వత్తురనుకొందము. అనగా నాలుగు కిలోమీటర్లు. ఐదు అశ్వశక్తుల నాలుగు స్ట్రోకుల మోటారుతో గంటకు పది కిలోమీటర్ల చొప్పున పోయిన 24 నిమిషములు పట్టును. ఖర్చు లీటరునకు ముప్పాతిక కంటె తక్కువ. పది అశ్వశక్తుల రెండు స్ట్రోకుల మోటారును నిండుగా త్రిప్పిన గంటకు పన్నెండు కిలోమీటర్లు వచ్చినదనుకొన్నను 20 నిమిషములు పట్టును. ఖర్చు లీటరున్నరకు పైగా. నాలుగు నిమిషముల కొరకు దాదాపు లీటరు పెట్రోలు! సంవత్సరమునకు 300 దినములు తిరిగినచో తేడా 300 లీటర్లకు చేరును. లీటరు నూరు రూపాయలని వేసినను ముప్పది వేలు. దానిపై కలుపు నూనె ఖర్చు వేరు.

ఉన్న మోటారునే కొంచెము నెమ్మదిగా నడుపుట కూడ లాభమే. వేగమును పదింట ఒక వంతు తగ్గించిన, అంతే దూరమునకు ఇంధనము ఐదింట ఒక వంతు మిగులును. దీనికి ఏ పరికరము కొననక్కర లేదు.

చేపలు పట్టువారికి మరొక మాట. గాలము లాగుచు మెల్లగా పోవలసినప్పుడు రెండు స్ట్రోకుల మోటారు స్పార్కు ప్లగ్గు నూనె పట్టి ఆగిపోవుచుండును. నాలుగు స్ట్రోకులది మెల్లగా చాలసేపు తిరుగును, సద్దు తక్కువ. ఈ పనికి నా ఓటు దానికే. రోజంతయు బరువు మోయుచు, మెకానిక్కునకు దూరముగా నుండువారు మాత్రము రెండు స్ట్రోకులదే కావలెననుట తప్పు కాదు.

కిరసనాయిలుతో నడుచు మోటారులును గలవు. పెట్రోలుతో ప్రారంభించి, వేడెక్కిన తరువాత కిరసనాయిలునకు మార్చవలెను. కేరళ తీరమున ఇవి చాల ప్రచారములోనికి వచ్చినవి. కిరసనాయిలు చౌకగా, సులువుగా దొరకనిచోట వీనిని కొనుట వ్యర్థము.

పొడుగు తోక డీజిలు ఇంజను

గాలితో చల్లబడు చిన్న డీజిలు ఇంజనునకు పొడుగైన కడ్డీ తగిలించి, దాని కొనకు పంకా బిగించి, పడవ మధ్యలోనో వెనుకనో ఊతముపై నిలుపుదురు. కోస్తాలో ఫైబరు తెప్పలపై దీనిని చూచియే యుందురు. అశ్వశక్తికి గంటకు పావు లీటరు డీజిలు చాలును. నీటిపంపు ఇంజను నడుపుట తెలిసిన రైతునకు ఇందులో క్రొత్త ఏమియు లేదు. లోతు తక్కువైన చోట, ఇసుక మేట తగిలినచోట కడ్డీని పైకెత్తుకొనవచ్చును. గుర్రపుడెక్క నిండిన కాలువలలో కూడ ఇదే మేలు, ఏలయన ఏటి బురద పీల్చి మూసికొనిపోవు నీటి మార్గము దీనికి లేదు. దోషములు కూడ తక్కువ గావు: బరువు, చెవులు దిబ్బెళ్లు వేయు మోత, అదురు. తిరుగు కడ్డీ తగిలిన కాలు, చేయి విరుగును. కొన్నిటికి వెనుకకు నడుచు గేరు ఉండదు. ప్రతిదినము గంటకు మించి పని గలవారికి డీజిలు తగును. వారమునకొకసారి పోవువారికి తగదు.

బ్యాటరీ మోటారు

ఇది చేపల చెరువు గల రైతులు అడుగుచున్న ప్రశ్న. 12 వోల్టుల బ్యాటరీపై నడుచు చిన్న మోటారు నిండు వేగమున సుమారు 50 ఆంపియర్లు తీసికొనును. అది 600 వాట్లు, అనగా ముప్పాతిక అశ్వశక్తికి కొంచెము పైన. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగము కంటె ఎక్కువ ఖాళీ చేసిన త్వరగా చెడును కాబట్టి నిండు వేగమున ఒక గంట మాత్రమే వచ్చును. మెల్లగా నడిపిన నాలుగైదు గంటలు వచ్చును. పొగ లేదు, సద్దు లేదు, చెరువు నీటిపై నూనె తెట్టె కట్టదు. నిలువ నీటికి, ప్రశాంతముగా గాలము వేయుటకు ఇంతకంటె సుఖము లేదు. పారు ఏటిలోనికి మాత్రము దీనిని నమ్మి దిగరాదు. ఇక మేత చల్లుటకే యైనచో నాలుగెకరముల చెరువులో గడ చాలును. మోటారు కొన్న డబ్బుతో మేత కొనుట మేలు.

బిగించునప్పుడు

నిలువు గొట్టపు పొడవు రెండు కొలతలలో వచ్చును. అమరపు పలక ఎత్తు 15 అంగుళములైన పొట్టిది, 20 అంగుళములైన పొడుగుది కొనవలెను. పంకాకు పైన గల చదును రేకు పడవ అడుగుతో సమముగ గాని, అంగుళము క్రిందుగ గాని ఉండవలెను. అంతకంటె పైన ఉన్నచో పంకా గాలిని పట్టి వట్టిగా తిరుగును. రెండు ప్రక్కల మొన గల నాటు పడవకు పలకయే ఉండదు. గట్టి కలపతో ప్రక్క చట్రము చేయించవలెను. మరలు ఎంత బిగించినను మోటారును గొలుసుతో పడవకు కట్టుట మరువరాదు. అదురుకు మరలు వదులై, గోదావరి అడుగున చేరిన మోటారు మరల దొరకదు.

పంకా సంగతి చాలమంది పట్టించుకొనరు. మోటారుతో వచ్చు పంకా తరచు తేలిక పడవను ఉద్దేశించినది. దున్నునప్పుడు ట్రాక్టరును పెద్ద గేరులో పెట్టిన ఇంజను మూలిగినట్లే, బరువు పడవలో అట్టి పంకా మోటారును నలుపును. నిండుగా త్రిప్పినను పుస్తకములో వ్రాసిన చుట్లు రానిచో మరలు తక్కువగల పంకా, అనగా చుట్టుకు తక్కువ దూరము నెట్టునది, అడిగి తెచ్చుకొనవలెను.

రోజువారీ జాగ్రత్తలు

నీటితో చల్లబడు మోటారు తిరుగుచున్నంతసేపు ప్రక్కనుండి సన్నని నీటిధార వచ్చుచుండవలెను. ధార ఆగిన వెంటనే మోటారు ఆపి, నీటి రంధ్రములలో నాచు, ఇసుక చేరినదేమో చూడవలెను. నీరు లేకుండ ఒడ్డున త్రిప్పి చూచుట చెడ్డ అలవాటు. లోపలి రబ్బరు చక్రము నిమిషములలో కాలిపోవును. ఉప్పునీటిలో తిరిగినచో ఇంటికి రాగానే మంచినీటిలో పెట్టి పదినిమిషములు త్రిప్పవలెను. నైలాను గాలపు తీగ పంకా కడ్డీకి చుట్టుకొని నూనె సీలును కోయును; నెలకొకసారి పంకా ఊడదీసి చూడవలెను. గేరు నూనె పాలవలె తెల్లబడినచో లోనికి నీరు పోయినదని గుర్తు.

2025 నాటికి మన దేశములో పెట్రోలునకు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుచున్నారు. ఇది గాలిలోని తేమను పీల్చును. ఏటి ఒడ్డున నెలల తరబడి టాంకులో నిలువయున్న పెట్రోలులో నీరు వేరుపడి కార్బురేటరును పాడుచేయును. పదిహేను దినములకు సరిపడునంతయే తెచ్చుకొని, మోటారు ప్రక్కన పెట్టునప్పుడు కార్బురేటరు ఖాళీ చేయవలెను.

ప్రాణముల విషయము

మోటారునకు ఒక ఎర్రని చుట్ల తాడు ఉండును. దాని కొనను నడుపువాని మణికట్టుకు తగిలించుకొనవలెను. తాడు ఊడిన మోటారు ఆగిపోవును. మునిగియున్న దుంగ తగిలి మనిషి నీటిలో పడినచో, తాడు లేని పడవ గుండ్రముగా తిరిగి వచ్చి పంకాతో అతనినే కొట్టగలదు. చాలమంది ఆ తాడును మోటారుకే ముడివేసి వదలుదురు. అట్లు చేయరాదు. ఈత వచ్చినవారు కూడ తేలు చొక్కా తొడుగుకొనవలెను.

మోటారున్నదని వరదలో దిగరాదు. గంటకు పది కిలోమీటర్లు పోవు పడవ ఏడు కిలోమీటర్ల ప్రవాహమునకు ఎదురుపోయిన మిగులునవి మూడే. పైన చెప్పిన అల హద్దు వలన పెద్ద మోటారు కూడ దీనిని మార్చలేదు. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇత్తురు. చిన్న పడవలు అంతకు ముందే ఒడ్డు చేరవలెను. మిగతా దినములలో సైతము రెండు తెడ్లు, ఒక లంగరు, పది నిలువుల మోకు పడవలో ఉండి తీరవలెను. ఏటి నడుమ మోటారు ఆగిన మొదట లంగరు వేసి, తరువాతనే మూత విప్పవలెను.

2021 నాటి ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టము ప్రకారము మోటారుతో నడుచు నదీ పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను కావలెను. జలాశయములలో చేపలు పట్టుటకు మత్స్యశాఖ వారి లైసెన్సు కావలెను. 1999లో అభయారణ్యముగా ప్రకటించిన కొల్లేరులో అటవీశాఖ అనుమతి లేక మోటారు పడవ నడుపరాదు. బేరము కుదుర్చుకొనుటకు ముందే ఈ సంగతులు విచారించి, మీ పడవ పొడవు, పలక ఎత్తు, వేయు బరువు ఒక కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. వీలైనచో మీ పడవకే బిగించి, మీరు వేయు బస్తాలతోనే ఒకసారి ఏరు దాటి చూపించుమని అమ్మువానిని అడుగవలెను.