పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదేల?

పై చదువుకై అమెరికా వెళ్లదలచిన విద్యార్థి వీసా దరఖాస్తు కొరకు ఫొటో స్టూడియోకు పోవును. చక్కగా తల దువ్వుకొని, చిరునవ్వుతో కుర్చీలో కూర్చుండును. “నవ్వకండి, కళ్లజోడు తీయండి, తెల్ల చొక్కా వద్దు, తల నిటారుగా పెట్టండి” అని ఫొటోగ్రాఫరు వరుసగా చెప్పును. చివరకు చేతికి వచ్చిన ఫొటోను చూచి, ఇది తన ముఖమేనా యని ఆ విద్యార్థి చిన్నబోవుట కద్దు. ఇన్ని నియమములు ఎందుకు? అధికారుల చాదస్తమా? కాదు. పెండ్లి ఫొటో తీయుట ఒక కళ. పాస్‌పోర్టు ఫొటో తీయుట ఒక కొలత. కొలత సరిగా రావలెనన్నచో కొన్ని షరతులు పాటింపవలెను గదా! ఆ షరతులే ఈ నియమములు. వాటి వెనుకనున్న విజ్ఞానమును కొంత చూతము.

ఫొటో ఎప్పుడు వచ్చినది?

మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు చాలా దేశముల పాస్‌పోర్టులలో ఫొటో ఉండెడిది కాదు. ఎత్తు, నుదురు, ముక్కు, జుట్టు రంగు మున్నగు ఆనవాళ్లను మాటలలో వ్రాసెడివారు. మాటల వర్ణన ఒక్క మనిషికే సరిపోవునని చెప్పలేము. 1914లో కార్ల్ హాన్స్ లోడీ యను జర్మను గూఢచారి మరొక అమెరికనుకు చెందిన పాస్‌పోర్టుతో బ్రిటనులో తిరిగెను. అందులో ఫొటో లేదు. అతడు పట్టుబడి ఆ యేడు నవంబరు 6న లండన్ టవరులో మరణశిక్ష పొందెను. 1914–15 సంవత్సరములలోనే అమెరికా, బ్రిటను దేశములు పాస్‌పోర్టుకు ఫొటోను తప్పనిసరి చేసినవి.

మనిషి కన్ను, యంత్రపు కన్ను

ఫొటోను, ఎదుట నిలిచిన మనిషిని పోల్చి చూచుట సులభమని మనమనుకొందుము. తెలిసిన ముఖముల విషయములో అది నిజమే. తెలియని ముఖములతో వచ్చును చిక్కు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులపై జరిపిన ఒక పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి. ఎదుటనున్నది ఒకరు, ఫొటోలోనున్నది మరొకరు అయినపుడు గూడ నూటికి 14 సార్లు వారు “ఇద్దరూ ఒకరే” అని పొరబడిరి. ఏండ్ల అనుభవమున్నవారు సైతము క్రొత్తవారికంటె మెరుగుగా చూడలేకపోయిరి.

ఈ పనిలో మనిషికి యంత్రము తోడయినది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐక్యరాజ్యసమితికి అనుబంధమైనది. యంత్రములు చదువదగిన పాస్‌పోర్టులకు ప్రమాణములను ఆ సంస్థ 1980లో మొదట ప్రచురించెను. నేటి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టులోని చిన్న చిప్పులో మన ఫొటో అంకెల రూపమున దాగియుండును. మన దేశములో ఇట్టి పాస్‌పోర్టులను ప్రయోగాత్మకముగా 2024లో ప్రారంభించిరి. విమానాశ్రయములోని కెమెరా మన ముఖమును తీసి, దానిని అంకెల వరుసగా మార్చి, చిప్పులోని ఫొటోనుండి వచ్చిన అంకెలతో పోల్చి చూచును. అనగా మనము స్టూడియోలో ఇచ్చు ఫొటో ఒక త్రాసులోని తూనికరాయి వంటిది. రాయి తప్పయినచో తూనిక యంతయు తప్పగును.

తల ఎంత, చుక్కలెన్ని?

కొలతలు దేశమునకొక తీరుగా నున్నను, వాటి ఉద్దేశము ఒక్కటే. బ్రిటనులో ఫొటో 45 మిల్లీమీటర్ల ఎత్తు, 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉండవలెను. అందులో గడ్డము నుండి నడినెత్తి వరకు 29 నుండి 34 మిల్లీమీటర్లు రావలెను. అమెరికాకు 2 అంగుళముల చదరము కావలెను. అందులో తల 1 అంగుళము నుండి 1⅜ అంగుళము వరకు ఉండవలెను. మన దేశములోని పాస్‌పోర్టు సేవా కేంద్రములో పెద్దవారి ఫొటోను అక్కడనే తీయుదురు. 4 ఏండ్ల లోపు పిల్లలకు మాత్రము తెల్లని వెనుకతెర గల 4.5 × 3.5 సెంటీమీటర్ల ఫొటోను తీసికొనిపోవలెను.

తల ఇంత పెద్దదిగా నుండవలెననుట ఎందుకు? అంకెల ఫొటో చిన్న చిన్న చుక్కల కూర్పు. ఈ చుక్కలనే పిక్సెళ్లు అందురు. రెండు కంటిపాపల నడుమ కనీసము 90 పిక్సెళ్లు ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము. ఒక లెక్క చేసి చూతము. 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫొటోను అంగుళమునకు 300 చుక్కల చొప్పున ముద్రించినచో అడ్డముగా సుమారు 413 చుక్కలు వచ్చును. సరిగా తీసిన ఫొటోలో కళ్ల నడుమ దూరము వెడల్పులో దాదాపు నాలుగవ వంతు. అనగా 103 చుక్కలు. ఇది చాలును. పెండ్లి గుంపు ఫొటోలో మన కళ్ల నడుమ 20 చుక్కలే ఉన్నచో, దానిని ఎంత సాగదీసినను క్రొత్త వివరము పుట్టదు. చుక్కలు లావగును, అంతే.

కెమెరా ఎంత దూరమున ఉండవలెను?

చేతిలోని ఫోనుతో తమ ఫొటోను తామే తీసికొనువారు తరచుగా చేయు పొరపాటు ఇక్కడనే ఉన్నది. వస్తువు దగ్గరనున్న పెద్దదిగను, దూరముననున్న చిన్నదిగను కనిపించును. ముక్కు కొన నుండి చెవులు సుమారు 12 సెంటీమీటర్లు వెనుకగా నున్నవనుకొందము. కెమెరాను ముక్కునకు 30 సెంటీమీటర్ల దూరమున ఉంచినచో చెవులు 42 సెంటీమీటర్ల దూరమున ఉండును. 42ను 30తో భాగింపగా 1.4 వచ్చును. అనగా చెవులతో పోల్చినచో ముక్కు 40 శాతము ఉబ్బినట్లు కనిపించును. కెమెరాను 150 సెంటీమీటర్ల దూరమునకు జరిపినచో 162ను 150తో భాగింపగా 1.08 వచ్చును. ఉబ్బు 8 శాతమునకు తగ్గినది.

12 అంగుళముల దూరమునుండి తీసిన ఫొటోలో, 5 అడుగుల నుండి తీసిన దానికంటె, ముక్కు సుమారు 30 శాతము వెడల్పుగా కనిపించునని 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనయు తెల్పినది. అందుచేత కెమెరా నాలుగైదు అడుగుల దూరమున, కళ్ల ఎత్తున ఉండవలెను. ఫోనును మరొకరి చేతికిచ్చుట మేలు.

తెల్లగోడ, వెలుతురు

వెనుక తెల్లగోడ ఉన్నచో తల అంచు ఎక్కడ ముగిసినదో స్పష్టముగా తెలియును. గోడపై పటములు, తలుపులు ఉన్నచో ముఖమునకు సంబంధింపని గీతలు చేరును. తెల్ల చొక్కా వలదనుటకు గూడ ఇదే కారణము. తెల్లగోడ ముందర తెల్ల చొక్కా తొడిగినచో భుజములు గోడలో కలిసిపోవును. గోడకు ఆనుకొని నిలిచినచో నీడ పడి తల వెనుక మరొక తల ఉన్నట్లుండును. రెండు మూడడుగులు ముందుకు జరిగి, ఇరుప్రక్కల నుండి సమానముగా వెలుతురు పడునట్లు చూడవలెను.

ఇందులో ఒక మెలిక ఉన్నది. కెమెరాలోని కాంతిమాపకము ఎదుటి దృశ్యమంతయు సగటున మధ్యరకపు బూడిద రంగులో ఉండునని భావించి లెక్క కట్టును. తెల్లగోడ ఎక్కువ భాగము ఆక్రమించినపుడు వెలుతురు మితిమీరినదని తలచి, లోనికి వచ్చు కాంతిని తగ్గించివేయును. దానితో చామనఛాయ ముఖము మరింత నల్లనై, కళ్లు, ముక్కు అంచులు మాసిపోవును. తప్పు ముఖముది కాదు, లెక్కది. ఫోను తెరపై ముఖమున్న చోట వ్రేలితో తాకి, వెలుతురును కొంచెము పెంచినచో ఇది సరియగును. తీసిన పిమ్మట ముఖమును తెల్లగా దిద్దుట వేరు. అది నియమవిరుద్ధము.

కళ్లజోడు, నవ్వు

అద్దముపై పడిన కాంతిలో కొంత వెనుకకు మరలును. వక్రీభవన గుణకము 1.5 గల అద్దము ఒక్కొక్క తలమునుండి సుమారు 4 శాతము కాంతిని పరావర్తనము చేయును. అద్దమునకు రెండు తలములు గనుక మొత్తము దాదాపు 8 శాతము. దీపపు కాంతిలో 8 శాతమైనను కంటిపాపను కప్పివేయుటకు చాలును. ఇంతేకాక, హ్రస్వదృష్టి కలవారి పుటాకార కటకములు కళ్లను ఉన్నదానికంటె చిన్నవిగా చూపును. అందుచేతనే పాస్‌పోర్టు, వీసా ఫొటోలలో కళ్లజోడును అమెరికా 2016 నవంబరు 1 నుండి నిషేధించినది.

ఇక నవ్వు సంగతి. నవ్వినపుడు పెదవి కొనలు ప్రక్కలకు, పైకి సాగును. బుగ్గలు లేచి కళ్లను చిన్నవి చేయును. ముఖములోని దూరములన్నియు మారును. విమానాశ్రయపు కెమెరా ముందర, రాత్రియంతయు ప్రయాణము చేసి వచ్చిన మనిషి ఎట్లుండును? మామూలు ముఖముతోనే గదా! మామూలు ముఖమును మామూలు ముఖముతో పోల్చుట సులభము. అందుకే చాలా దేశములు నోరు మూసి, కళ్లు తెరచి, కెమెరా వైపు తిన్నగా చూడుమనుచున్నవి. పసిపాపలకు ఈ పట్టుదల లేదు. బ్రిటనులో ఏడాది లోపు శిశువు కళ్లు మూసికొన్నను ఒప్పుకొందురు.

దిద్దిన ఫొటో వలని ప్రమాదము

మచ్చ తీసివేయుట, దవడ సన్నము చేయుట నేడు ఫోనులోనే క్షణములో జరుగును. ఇద్దరి ముఖములను కలిపి, ఇద్దరికిని పోలికయున్న ఒకే ముఖమును గూడ తయారుచేయవచ్చును. అట్టి ఫొటోతో పాస్‌పోర్టు వచ్చినచో ఒకే పుస్తకముతో ఇద్దరు ప్రయాణము చేయగలరు. యంత్రములు ఇట్లు మోసపోవునని ఇటలీ శాస్త్రజ్ఞులు 2014లో నిరూపించిరి. జర్మనీ 2025 మే 1 నుండి కాగితపు ఫొటోలకు బదులు, స్టూడియో నుండి గాని కార్యాలయము నుండి గాని సురక్షితముగా పంపబడు అంకెల ఫొటోలనే కోరుటకు ఇదియే ముఖ్య కారణము.

యంత్రము పొరబడదా?

పొరబడును. 2016లో న్యూజిలాండులో ఆసియా సంతతికి చెందిన యువకుని ఫొటోను, కళ్లు చక్కగా తెరచియున్నను, “కళ్లు మూసియున్నవి” అని యంత్రము త్రిప్పిపంపెను. 2019లో అమెరికా ప్రమాణముల సంస్థ అనేక విధానములను పరీక్షించినది. ఇద్దరు వేరు వ్యక్తులను ఒకరేయని భ్రమించుట, కొన్ని విధానములలో, తెల్లవారి ముఖములకంటె ఆసియా, ఆఫ్రికా సంతతివారి ముఖముల విషయమున 10 నుండి 100 రెట్లు ఎక్కువగా నుండెను. ఆసియాలో తయారైన కొన్ని విధానములలో ఆసియావారి విషయమున ఇంత తేడా కనిపింపలేదు. యంత్రము ఏ ముఖములను చూచి నేర్చుకొన్నదో ఆ ముఖములనే బాగుగా గుర్తించునని దీనినిబట్టి ఊహింపవచ్చును. కనుక నియమములన్నియు పాటించిన మనిషి ఫొటోను యంత్రము నిరాకరించినపుడు, దానిని మరల చూచు మనిషి ఒకడు ఉండితీరవలెను. ఏ కొలతకైనను దోషపు పరిమితి ఉండును. దానిని తెలిసికొనుటయు విజ్ఞానములోని భాగమే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒక విద్యార్థిని తెల్లగోడకు మూడడుగుల ముందర నిలుపుడు. 30 సెంటీమీటర్ల దూరమునుండి ఒకటి, 150 సెంటీమీటర్ల దూరమునుండి మరొకటి ఫొటోలు తీయుడు. ప్రతి ఫొటోలోను కంటిపాపల నడుమ దూరమును, ముక్కు వెడల్పును, చెవి నుండి చెవికి గల దూరమును స్కేలుతో కొలువుడు. ముక్కు వెడల్పును, చెవుల దూరమును వేరువేరుగా కళ్ల దూరముతో భాగింపుడు. మనిషి ఒక్కడే, ముఖము ఒక్కటే. అయినను రెండు ఫొటోలకు నిష్పత్తులు వేరుగా వచ్చును. దగ్గరి ఫొటోలో ముక్కు నిష్పత్తి పెరిగి, చెవుల నిష్పత్తి తగ్గును. ఈ రెండింటిలో ఏది పాస్‌పోర్టుకు పనికివచ్చునో, ఎందుకు పనికివచ్చునో విద్యార్థులే చెప్పగలరు.