నిక్సన్‌కు నిక్సనే వకీలు

రాత్రివేళ ఒక పెద్దమనిషి తన గదిలోకి వస్తాడు. అక్కడ విస్కీ సీసా ఉంది, రివాల్వర్ ఉంది, టేప్ రికార్డర్ ఉంది. ఆ రికార్డర్ ఓ పట్టాన ఆయన మాట వినదు. ఏ మీట నొక్కాలో తెలియక తడబడతాడు, విసుక్కుంటాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఆయన రిచర్డ్ నిక్సన్. అమెరికా 37వ అధ్యక్షుడు, తాను చేయించిన రికార్డింగుల వల్లే పదవి పోగొట్టుకున్న మనిషి.

‘సీక్రెట్ ఆనర్’ సినిమా మొదలయ్యేది ఇలా. 1984లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ఈ చిత్రం నిడివి గంటన్నర. ఆ గంటన్నరా తెర మీద ఉండేది ఒకే నటుడు, ఫిలిప్ బేకర్ హాల్. కథ నడిచేది ఒకే గదిలో.

ఏకపాత్రాభినయం తెలుగువాళ్లకు కొత్త కాదు. బడి వార్షికోత్సవాల్లో మయసభ దుర్యోధనుణ్ని చూడనివాళ్లు తక్కువ. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి.రామారావు నోట కొండవీటి వెంకటకవి మాటలు పలికాక ఆ ఘట్టం ఊరూరా పాకింది. అయితే మన ఏకపాత్ర కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. అందరికీ తెలిసిన కథలోంచి ఒక ఉద్రేకాన్ని తీసుకుని రక్తి కట్టిస్తుంది. బతికున్న రాజకీయ నాయకుణ్ని ఒంటరిగా వేదిక మీద నిలబెట్టి గంటన్నర మాట్లాడించడం వేరే సాహసం. సినిమా కాకముందు ‘సీక్రెట్ ఆనర్’ నాటకంగా ఆడుతున్నప్పుడు నిక్సన్ బతికే ఉన్నాడు. ఆయన చనిపోయింది 1994లో.

ఆ తరం గుర్తులేని పాఠకుల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమొక్రటిక్ పార్టీ కార్యాలయంలోకి దొంగచాటుగా దూరిన ఐదుగురు పట్టుబడ్డారు. ఆ నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకుని రెండోసారి అధ్యక్షుడయ్యాడు. కానీ తీగ లాగితే డొంకంతా కదిలింది. తన గదిలో జరిగే మాటలన్నీ రికార్డయ్యే ఏర్పాటు 1971లో నిక్సనే చేయించాడని సెనేట్ విచారణలో బయటపడింది. ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాల సంభాషణ చెరిగిపోయి ఉంది. టేపులు అప్పగించాల్సిందేనని 1974 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు. ఆ మరుసటి నెల 8న కొత్త అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు. దాంతో నిక్సన్ బోనెక్కనే లేదు.

జరగని ఆ విచారణనే డొనాల్డ్ ఫ్రీడ్, ఆర్నాల్డ్ స్టోన్ నాటకంగా రాశారు.

వాళ్ల నిక్సన్ కనిపించని న్యాయమూర్తిని ఉద్దేశించి మాట్లాడతాడు. ముద్దాయీ తనే, వకీలూ తనే. ఒక క్షణం ‘నా క్లయింటు’ అంటూ నల్లకోటు వేసుకున్నవాడిలా వాదిస్తాడు, మరుక్షణం ఆ క్లయింటై ఏడుస్తాడు. చెప్పకూడనిది నోరు జారితే, టేపును రాసిపెట్టే సహాయకుడు రాబర్టోకు దాన్ని తీసేయమని పురమాయిస్తాడు. మొదలుపెట్టిన వాక్యం పూర్తికాదు. తల్లి దగ్గర మొదలైన మాట గోడ మీది తన ఒకప్పటి విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ పటం దగ్గర బూతుగా మారుతుంది. క్షయతో పోయిన ఇద్దరు అన్నదమ్ములు గుర్తొస్తారు. చిన్నప్పుడు తల్లికి రాసిన ఉత్తరం గుర్తొస్తుంది. అందులో ఆ పదేళ్ల పిల్లాడు తనను తాను ఆమె పెంపుడు కుక్కగా చెప్పుకున్నాడు. ఆ ఉత్తరం రచయితల కల్పన కాదు, నిజంగా నిక్సన్ రాసిందే.

కల్పన ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. తనను రాజకీయాల్లోకి తెచ్చి ఆడించింది కొందరు కుబేరుల ముఠా అనీ, వియత్నాం యుద్ధాన్ని వాళ్ల లాభం కోసం సాగదీయాల్సి రావడం భరించలేక వాటర్‌గేట్ గోతిలో తానే కావాలని పడ్డాననీ నాటకంలోని నిక్సన్ వాదన. లోకం ముందు అవమానం, లోలోపల ఎవరికీ తెలియని గౌరవం. పేరు అక్కడినుంచే వచ్చింది. దీనికి చరిత్రలో ఆధారం లేదు. ఇది నిజమైన వ్యక్తిని పాత్రగా తీసుకున్న కల్పిత రచన అని సినిమా మొదట్లోనే చెప్పేస్తుంది. చూసేవాళ్లు ఆ హెచ్చరికను మనసులో ఉంచుకోవడం మంచిది. నిక్సన్ పాత్రలో హాల్ ఎంత గట్టిగా వాదిస్తాడంటే, కాసేపు ఆ కట్టుకథ కూడా నిజమేమో అనిపిస్తుంది.

రాబర్ట్ హార్డర్స్ దర్శకత్వంలో ఈ నాటకం లాస్ ఏంజెలెస్ యాక్టర్స్ థియేటర్‌లో ఆడింది. ఆల్ట్‌మన్ చూశాడు, ముచ్చటపడ్డాడు, 1983లో న్యూయార్క్‌కు తీసుకెళ్లాడు. ‘మాష్’, ‘నాష్‌విల్’ లాంటి సినిమాలతో 1970లలో ఒక వెలుగు వెలిగిన ఆల్ట్‌మన్‌కు అప్పుడు హాలీవుడ్‌లో రోజులు బాగాలేవు. సొంత సంస్థను అమ్మేసుకున్నాడు. పెద్ద స్టూడియోలు దూరం పెట్టిన ఆ కాలంలో వరసగా నాటకాలనే సినిమాలుగా తీశాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో సినిమా పాఠాలు చెబుతూ అక్కడే ‘సీక్రెట్ ఆనర్’ చిత్రీకరించాడు. ఆన్ ఆర్బర్‌లో అమ్మాయిల హాస్టల్ భవనంలోని ఓ గది నిక్సన్ గదిగా మారింది. సాంకేతిక బృందంలో విద్యార్థులు పనిచేశారు. ఒక పెద్ద దర్శకుడి షూటింగులో చేతులు పెట్టి పని నేర్చుకోవడం కన్నా మంచి పాఠం ఏ తరగతి గదిలో దొరుకుతుంది?

నాటకాన్ని సినిమాగా తీసేటప్పుడు చాలామంది వేదికకు ఎదురుగా కెమెరా పెట్టి ఊరుకుంటారు. అదేమీ తప్పు కాదు. 1975లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ మీద వచ్చిన ‘గివ్ ఎమ్ హెల్, హ్యారీ!’ అలాంటిదే. సియాటిల్‌లో ప్రేక్షకుల ముందు ఆడుతున్న ఏకపాత్ర నాటకాన్నే చిత్రీకరించారు. సినిమాలో ఉన్న ఒకే నటుడు జేమ్స్ విట్‌మోర్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అయితే ఆ సినిమాలో హాలులో నవ్వే జనం తోడుంటారు, ట్రూమన్ వాళ్లతో కబుర్లు చెబుతాడు. ఆల్ట్‌మన్ నిక్సన్‌కు ఆ తోడు లేదు. గదిలో నాలుగు నిఘా కెమెరా తెరలు మాత్రం ఉన్నాయి. నటుడు గదిలో తిరుగుతుంటే ఆ తెరల మీద అతని బొమ్మే తిరుగుతుంది. ఒక్కోసారి కెమెరా మనిషిని వదిలేసి తెరల్లోని బొమ్మనే చూపిస్తుంది. దేశమంతటి మాటల మీదా చెవి వేసిన నాయకుడు తన గదిలో తన నిఘాకే చిక్కుతాడు. ఏ సంభాషణా ఇంత బలంగా చెప్పలేదు. చివరికి రివాల్వర్‌ను కాదని, పిడికిలి బిగించి లోకాన్ని బూతు తిడుతుంటే, ఆ పిడికిలే ఆ తెరల మీద పదే పదే లేస్తుంది.

హాల్ ముఖం నిక్సన్ ముఖం కాదు. ముక్కు అతికించుకోలేదు, గొంతు మిమిక్రీ చేయలేదు. ఆ అవమానాన్నీ కసినీ పట్టుకున్నాడు. పోలిక తేవడం కోసం గంటల తరబడి మేకప్ వేసుకునే జీవితచరిత్ర చిత్రాల నటులు చూసి నేర్చుకోదగ్గ నటన ఇది. విమర్శకుడు రోజర్ ఎబర్ట్ దీనికి నిండుగా నాలుగు నక్షత్రాలిచ్చాడు. అయినా ఎక్కువమంది హాల్‌ను గుర్తించింది 1990లలో, పాల్ థామస్ ఆండర్సన్ సినిమాలు వచ్చాకే. 2022లో తొంభై ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.

మన దేశంలో నిక్సన్ పేరు చెబితే పాతతరానికి 1971 డిసెంబరు గుర్తొస్తుంది. బంగ్లాదేశ్ యుద్ధంలో పాకిస్తాన్ వైపు మొగ్గి బంగాళాఖాతానికి ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను పంపింది ఆయనే. ఇందిరాగాంధీ గురించి కిసింజర్‌తో ఆయన ఆడిన నీచమైన మాటలు కూడా ఆ రికార్డింగుల వల్లే 2005లో బయటికొచ్చాయి. అలాంటి నిక్సన్ మీద కోపంతో కూర్చున్నవాళ్లకు కూడా ఈ సినిమా చూశాక ఆయన మీద జాలి కలుగుతుంది. తప్పు మాఫీ చేయదు, మనిషిని చూపిస్తుంది. ద్వేషించే నాయకుడి మీద ఇంత శ్రద్ధగా రాయడం ఆ రచయితల గొప్పతనం.

తెలుగులో నాయకుల మీద సినిమాలకు కొదవ లేదు. 2019లోనే ఎన్టీఆర్ మీద ‘కథానాయకుడు’, ‘మహానాయకుడు’, వై.ఎస్.రాజశేఖరరెడ్డి మీద ‘యాత్ర’ వచ్చాయి. జనసందోహాలు, పాదయాత్రలు, ప్రసంగాలు అన్నీ చూశాం. పదవి పోయిన రాత్రి ఒంటరిగా కూర్చున్న నాయకుడు ఏం మాట్లాడుకుంటాడో మాత్రం వినలేదు. ఏకపాత్ర పోటీలు ఇంకా జరిగే నేల ఇది. దుర్యోధనుడి మాటలు గుక్కతిప్పుకోకుండా చెప్పగల నటులు ప్రతి జిల్లాలో ఉన్నారు. మన నాటక రచయితలు మన నాయకుల్లో ఒకరిని ఎంచుకుని, పొగడ్తా తిట్టూ పక్కనపెట్టి, అలాంటి రాత్రి ఒకటి రాయాలి. దానికి ఒక గది, ఒక మంచి నటుడు చాలు.