సుగ్గి దిగిన పిల్లలకు వేసవి బడి

కోసిగి: ఉదయం ఏడు గంటలకు బడి గంట కొడతారని ముందురోజు సాయంత్రమే ఊళ్లో దండోరా వేయించారు. ఆరున్నరకే పదిమంది పిల్లలు వేపచెట్టు కిందికి చేరారు. గంట మోగేసరికి రచ్చకట్ట మీది పెద్దలు తలలెత్తి చూశారు. సెలవుల్లో ఈ గంట ఏమిటని ఒకాయన విసుక్కున్నాడు కూడా.

కోసిగి మండలంలోని ఓ గ్రామంలో వేసవి బడి తొలిరోజు దృశ్యమిది. ఊరి పేరు రాయవద్దని అక్కడివారు కోరారు. "సుగ్గికి పోయే ఊరని పేపర్లో పడితే మా పిల్లోళ్లకు సంబంధాలు రావప్పా" అన్నాడొక పెద్దమనిషి నవ్వుతూ. నిజానికి ఈ పడమటి మండలాల్లో సుగ్గికి పోని ఊరిని వెతకడమే కష్టం.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద - ఎటు వెళ్లినా వాన మీద ఆధారపడిన సేద్యమే. తుంగభద్ర దిగువ కాలువ పారుతున్నా చివరి భూములకు నీరు అందేది అంతంతమాత్రం. పత్తి తీతలు ముగిశాయంటే చాలు, ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప చేలకు మూటాముల్లెలతో కుటుంబాలు కదులుతాయి. చేల గట్ల మీద పట్టలు కప్పిన గుడిసెల్లో కాపురం. ఉగాదికి కొందరు తిరిగొస్తే, కోతలు పూర్తిగా అయ్యాక మరికొందరు వస్తారు. ఆ నెలలన్నీ బడిలో పాఠాలు సాగుతూనే ఉంటాయి. హాజరుపట్టీలో మాత్రం వీళ్ల పేర్లకు ఎదురుగా వరసగా గైర్హాజరే.

పిల్లలు ఇంటి దగ్గర ఉండే మిగతా ఊళ్లకు వేసవి బడి ఆటపాటల ముచ్చట కావచ్చు. ఇక్కడ అది పోయిన పాఠాలను వెనక్కు తెచ్చుకునే ప్రయత్నం.

సెలవులకు సొంతూరు వెళ్లకుండా ఉండిపోయిన ఒక ఉపాధ్యాయుడు, ఆదోనిలో డిగ్రీ చదువుకుంటున్న ఊరి యువతీ యువకులు ఆరుగురు కలిసి దీనికి పూనుకున్నారు. ఎండ ముదరక ముందే ముగిసేలా పొద్దున ఏడు నుంచి పది వరకు బడి. జూన్ 12న బడులు తెరిచే వరకు నడపాలని వారి సంకల్పం.

మొదటి రోజు 31 మంది వచ్చారు. ఏ తరగతి అని ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కరినీ పిలిచి నాలుగు వరుసల పాఠం చదివించారు, ఒక తీసివేత లెక్క చేయించారు. దాన్నిబట్టి అక్షరాలు రానివారు ఒక చాప మీద, మాటలు కూడబలుక్కునేవారు ఒక చాప మీద, చదవగలిగినవారు మరో చాప మీద. ఎనిమిదికి వెళ్లవలసిన ఆరుగురిలో తడబడకుండా చదివినవారు ఇద్దరే.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ ఆరుగురిలో ఏపుగా ఎదిగిన ఒక పిల్లవాడిని చిన్నపిల్లల చాప మీద కూర్చోమన్నారు. వాడు ముఖం ఎర్రగా చేసుకుని లేచి గేటు వరకు వెళ్లిపోయాడు. ఉపాధ్యాయుడు వెనకాలే వెళ్లి ఏం చెప్పాడో తెలియదు గాని, చేతిలో గంట కొట్టే కడ్డీ పెట్టి తీసుకొచ్చాడు. ఇకపై గంట వాడిదే. అందరూ వెళ్లాక అరగంట వాడికి విడిగా పాఠం. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనుకబడినవారికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. తరగతిలో చేర్చుకోవడం తేలికే. ఆ రెండో మాట అమలు చేయాలంటే ఇలా గేటు దాకా పరుగెత్తాలి.

లెక్కల దగ్గర మాత్రం పిల్లలు అందరినీ ఆశ్చర్యపరిచారు. బోర్డు మీద 45ను 12తో గుణించమంటే ఒక్కరూ కదల్లేదు. ఓ యువతి బోర్డు తుడిచేసి, "మీ అమ్మ 45 కిలోల కాయలు కోసింది. కిలోకు 12 రూపాయలనుకోండి. కూలి ఎంత?" అంది. వెనక నుంచి ఓ అమ్మాయి టక్కున లేచింది. "పదులైతే నాలుగువందల యాబై, రెండ్లైతే తొంబై. అయిదువందల నలబై అక్కా."

"సంచి బరువు తీసేస్తారక్కా. తాలుకాయ ఉంటే ఇంకా తీస్తారు" అని ఇంకొకడు సరిదిద్దాడు. అందరూ నవ్వారు. అదే లెక్కను బోర్డు మీద వేయమంటే ఆ అమ్మాయికి సుద్దముక్క ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆమె కథ వింటే సుగ్గి మర్మం బోధపడుతుంది. ఏడో తరగతి పేరు మీద ఉంది. సంక్రాంతికి ముందే వెళ్లి ఉగాదికి వచ్చింది. "పొద్దున తమ్ముణ్ణి ఎత్తుకుంటా. వాడు పండుకుంటే కాయలు కోస్తా. చేతులు మండుతాయి సార్, రాత్రి కండ్లు నలుపుకోను కూడా భయమే" అని చెప్పింది. కోత కూలి కిలోల లెక్క గనుక ఎన్ని చేతులు పడితే అంత తూకం. ఆమె కోసినదంతా తల్లి సంచిలోనే పడుతుంది. అందువల్ల పిల్లలు పనిచేసిన గుర్తు ఏ లెక్కలోనూ కనబడదు.

తండ్రి గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. వచ్చే ఏడు ఎనిమిదికి పంపుతారా అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. "మేస్త్రీ కాడ అడ్వాన్సు తెచ్చుకుంటిమి. ఇద్దరమే పోతే అది తీరదు సార్. పాప ఒక్కతే ఇంట్లో ఎట్లుంటాది?" అన్నాడు. అవ్వ ఉంది. మధ్యాహ్నం బడిలో భోజనమూ ఉంది. రాత్రి తిండి, కాపలా ఎవరిదన్నదే ప్రశ్న. వలస వెళ్లేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టింది ఇందుకే. అయితే లారీ ఎక్కక ముందే అవి తెరుచుకోవాలి. పిల్లలు గుంటూరు చేరాక తాళం తీస్తే ఏం లాభమని ఉపాధ్యాయుడు వాపోయాడు. ఆయన మాటలో కోపం ఉంది గాని అబద్ధం లేదు.

పనికి పోయే పిల్లలను బడికి మళ్లించడం జరగని పనేమీ కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు అలాంటి పిల్లలను శిబిరాలకు చేర్చి, చదువు నేర్పి బడుల్లో కూర్చోబెట్టారు. ఆ కృషికి సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు లభించింది.

తొమ్మిదిన్నరకు ఉగ్గాని పెట్టారు. బొరుగుల మూట ఒక రైతు ఇచ్చాడు. బడి వంట చేసే ఇద్దరు మహిళలు కూలి అడగకుండా వచ్చి వండారు. రెండోసారి పెట్టించుకోని పిల్లలు లేరు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. ఈ ఊరి పెద్దలకు ఆ సంగతి తెలియదు. తెలిశాక అర్జీ రాయించే మాట మొదలైంది.

పది గంటలకు పెద్ద పిల్లవాడు గంట కొట్టాడు, అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే. తూకం లెక్క చెప్పిన అమ్మాయి పలకలన్నీ పేర్చిపెట్టి వెళ్లింది. తండ్రి "దీపావళికి చూస్తాం సార్" అని మాత్రం అన్నాడు.

రెండో రోజు ఈ విలేకరి మళ్లీ వెళ్లి చూస్తే 31 మందిలో 27 మంది వచ్చారు. ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడికీ ఒక పలక ఇచ్చారు. ఉన్న పలకలు 20 మాత్రమే, ఇద్దరికొకటి చొప్పున సర్దుతున్నారు. పలకలు, బలపాలు, పాత కథల పుస్తకాలు ఇవ్వదలచినవారు జూన్ 11 లోపు పొద్దున బడివేళలో అక్కడికే వెళ్లి ఇవ్వవచ్చునని, డబ్బు మాత్రం తీసుకోబోమని నిర్వాహకులు తెలిపారు. ఊరి పేరు కావలసినవారు కోసిగిలో ఈ విలేకరిని అడిగితే దారి చెబుతాడు.