లడ్డూలో పంచదార హలాలేనా?

మన సంఘం పండుగ భోజనాల్లో మిఠాయిల బాధ్యత కొన్నేళ్ళుగా నాది. మనతో బంతిలో కూర్చునే తెలుగు ముస్లిం కుటుంబాలకు మాంసం గురించి దిగులు లేదు. మన వంట ఎలాగూ శాకాహారమే. కానీ కడప నుంచి వచ్చిన మిత్రుడొకరు ఒకసారి, "అక్కా, ఈ లడ్లలో వేసిన చక్కెర హలాలేనా?" అని అడిగారు. పంచదారకు కూడా హలాలేమిటని నవ్వేయకండి. ప్రశ్నలో పస ఉంది.

అమెరికాలో ముడి చెరకు పంచదారను కరిగించి, రంగు పోయేందుకు వడకడతారు. కొన్ని ఫ్యాక్టరీలు ఈ పనికి పశువుల ఎముకలను గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గు వాడతాయి. కొన్ని మామూలు కార్బన్‌నో, రెజిన్లనో వాడతాయి. మన దేశపు మిల్లుల్లో ఎక్కువగా సున్నం, గంధకపు పొగతో తెల్లబరుస్తారు కనుక, అక్కడ మనకీ ఆలోచన రాలేదు.

ఇస్లామిక్ ధర్మశాస్త్రం ఇక్కడ రెండు సంగతులు చూస్తుంది. ఆ వస్తువు తిండిలో మిగిలిందా? మిగిలితే అది అపవిత్రమా? ఎముకబొగ్గు వడపోతలోనే ఆగిపోతుంది, పంచదారలో కలవదు. పైగా ఒక వస్తువు పూర్తిగా మరో వస్తువుగా మారితే దాని తీర్పు కూడా మారుతుందనే సూత్రం ఉంది. దాని పేరు 'ఇస్తిహాలా'. సారా పులిసి వెనిగర్ కావడం దానికి పాత ఉదాహరణ. మన తెలుగునాట ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయం ఈ సూత్రాన్ని విరివిగా ఒప్పుకుంటుంది. ఆ లెక్కన పంచదారకు అభ్యంతరం లేదు. షాఫియీ సంప్రదాయం ఇంత ఉదారంగా ఒప్పుకోదు. సందేహమున్నవారు, 1982లో ఏర్పడిన ఇఫాంకా సంస్థ ఇచ్చే నెలవంక 'ఎం' గుర్తు చూసి కొనుక్కుంటారు.

తమాషా ఏమిటంటే, ఈ వివరమంతా విని మా మిత్రుడు లడ్డూ తిన్నారు. పక్కనే కూర్చున్న మా అత్తగారు మాత్రం తన లడ్డూ పళ్ళెంలో పెట్టేశారు! ఆయన శాస్త్రం పంచదారలో ఏం మిగిలిందని అడిగింది. ఆవిడ ఆచారం దానికి ఏం తగిలిందని అడిగింది. అడిగినవారి కంటే అడగనివారికే చిక్కొచ్చి పడింది.

ఇద్దరికీ సరిపడే దారి కష్టమేమీ కాదు. అమెరికాలో తయారయ్యే పంచదారలో సగానికి పైగా బీట్ దుంపలదే. దానికి ఎముకబొగ్గు అవసరం లేదు. సంచీ మీద 'బీట్ షుగర్' అని ఉందేమో చూడండి. వట్టి 'షుగర్' అని ఉంటే ఏదైనా కావచ్చు. యుఎస్‌డీఏ ఆర్గానిక్ ముద్ర ఉన్న చెరకు పంచదారకూ ఎముకబొగ్గు వాడరు. బ్రౌన్ షుగర్ ఐతే ఫరవాలేదనుకోకండి. చాలావరకు అది తెల్ల పంచదారకే మొలాసిస్ కలిపినది. ఉగాది పచ్చడిలో బెల్లానికి ఏ బాధా లేదు.

2025లో ఉగాది, ఇక్కడ చాలామంది జరుపుకున్న రంజాన్ పండుగ రెండూ మార్చి 30నే వచ్చాయి. అలాంటి రోజున ఒకే పళ్ళెంలోంచి అందరూ తీసుకోగలిగితే ఎంత బాగుంటుంది! అందుకే వంటలు తెచ్చే సోదరీమణులకు నా మనవి: పంచదార సంచీ పారెయ్యకండి, మిఠాయి పక్కనే పెట్టండి. చదువుకుని ఎవరి నిర్ణయం వారు తీసుకుంటారు.