సంఘములలో ఎవరున్నారు, ఎవరు లేరు?
(జమీందారీ చరిత్రనుండి ఒక పాఠము)

విద్యార్థులారా! మీరు పెద్దవారైన పిమ్మట ఎన్నియో సంఘములవారు మీ యొద్దకు వచ్చి, సభ్యులుగా చేరుడని కోరుదురు. కొన్ని ఒక చట్టమును తెచ్చుటకును, కొన్ని రానున్న చట్టమును ఆపుటకును ఏర్పడినవై యుండును. రెండును న్యాయమైన హక్కులే. అయినను, చేరుటకు ముందు ఆ సంఘమున ఎవరున్నారో, ఎవరు లేరో విచారింపవలెను. తెలుగు జిల్లాల జమీందారీ చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించుచున్నది.

భూమి, కర్మాగారములు మొదలైన సంపద కొలదిమంది చేతులలో నుండక సమాజమున కంతటికి ఉపయోగపడవలెనను సిద్ధాంతమునకు సామ్యవాదమని పేరు. ఇట్టి భావములతో చట్టములు చేయరాదని వాదించుచు, ఇంగ్లండులో 1882లో ఎల్కో ప్రభువు మొదలగువారు స్వేచ్ఛా-ఆస్తి రక్షణ సమితిని స్థాపించిరి. ఐర్లండు కౌలుదార్లకు రక్షణ నిచ్చిన 1881వ సంవత్సరపు చట్టము భూస్వాముల కలవరమునకు ఒక కారణము. అర్ధశతాబ్దము గడచునప్పటికి అట్టి కలవరమే మద్రాసు రాజధానిలోని తెలుగు జమీందారులకును కలిగెను.

వారి హక్కులకు మూలము 1802వ సంవత్సరపు శాశ్వత పరిష్కారము. దాని ప్రకారము జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు ఎన్నటికిని మారదు. కాని రైతు జమీందారునకు చెల్లించు శిస్తు మాత్రము పెరుగుచు వచ్చెను. వివాదమంతయు ఈ వ్యత్యాసమునందే యున్నది. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుహక్కు నిచ్చినను, శిస్తు భారము తీరలేదు.

1934లో కాంగ్రెసు సోషలిస్టు పక్షము పుట్టెను. 1936లో లక్నో కాంగ్రెసున అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ సామ్యవాదమును బాహాటముగా సమర్థించెను. మద్రాసులో నప్పుడు జస్టిస్ పార్టీ అధికారమున నుండెను; 1932నుండి దానికి బొబ్బిలి రాజాగారు నాయకులు. 1936లో పిఠాపురము మహారాజాగారు దానినుండి విడివడి, ప్రజాపక్షమను వేరొక కక్షిని స్థాపించిరి. ఒకే ప్రయోజనము గలవారు రెండు పక్షములుగా చీలి, ఒకే వర్గమునుండి అనుచరులను వెదకికొనవలసి వచ్చెను.

జమీందారుల వాదమును కూడ మనము వినవలెను. సర్కారు సన్నదు ద్వారా ఇచ్చిన మాటను చట్టముచే త్రోసివేయుట తగదని వారనిరి. వారిలో విద్యాదాతలును గలరు. కాకినాడలోని పిఠాపురము రాజా కళాశాలయు, సూర్యరాయాంధ్ర నిఘంటువును ఆ సంస్థానపు ఔదార్యమునకు సాక్ష్యములు. అయితే దానము వేరు, హక్కు వేరు. దాత తలచినప్పుడు దానము లభించును. హక్కు అడుగకయే యుండవలసినది.

రైతుపక్షమువారు సభ్యులను చేర్చుకొనిన విధము వేరు. 1928లో ఏర్పడిన ఆంధ్ర రైతు సంఘమును ఆచార్య రంగా మొదలగువారు గ్రామ గ్రామమునకు కొనిపోయిరి. నిడుబ్రోలులోని రైతాంగ విద్యాలయమున యువకులకు శిక్షణ నిచ్చిరి. 1937-38లో ఇచ్ఛాపురమునుండి మద్రాసు వరకు రైతులు కాలినడకన యాత్ర చేసిరి.

1937వ సంవత్సరపు ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసునకు లభించెను. భూస్వాములకై ప్రత్యేకముగా నుంచిన స్థానములు 6 మాత్రమే. బొబ్బిలి రాజాగారు తమ సొంత ప్రాంతముననే, తరువాత రాష్ట్రపతియైన వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశముగారి విచారణ సంఘము, భూమికి యజమాని రైతే యనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడే యనియు 1938లో నిర్ణయించెను. కాని 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే చట్టము రాలేదు. ఆ సంవత్సరమే గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ' చిత్రము జమీందారీ దౌర్జన్యమును తెరపై చూపెను. దానిని నిర్మించిన సారథీ సంస్థకు అధిపతి చల్లపల్లి రాజాగారే యగుట విశేషము.

తుదకు 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. జమీందారులకు నష్టపరిహారమును గూడ నిర్ణయించిరి. చిన్న ఎస్టేటునకు మూల వార్షిక మొత్తమునకు 30 రెట్లు, మిక్కిలి పెద్దదానికి 12½ రెట్లు. మన బాలానగరము ఆ కాలమున నిజాము రాజ్యములోనిది. ఇచ్చట జాగీర్దారులును, దేశముఖులును ఉండిరి. జాగీరులు 1949 ఆగస్టు 15న రద్దయ్యెను. ఆ శాసనమును న్యాయస్థానములు కొట్టివేయకుండ 1951లో రాజ్యాంగపు తొమ్మిదవ షెడ్యూలున చేర్చిరి.

ఇంతటితో కథ ముగిసినదా? లేదు. పట్టాలు సాగుహక్కుగల రైతులకు వచ్చెను. సెంటు భూమియు లేని కూలివానికి ఆ చట్టమువలన కలిగిన లాభము స్వల్పము. 1937లో ఓటు సయితము ఆస్తి, పన్ను, చదువు మున్నగు అర్హతలు గలవారికే యుండుటచే, కూలివారిలో అత్యధికులకు అది లేకుండెను. జమీందారుల సంఘమున రైతు లేడు. రైతుల సంఘమున కూలివాని స్వరము సన్నగానే వినిపించెను. పొలము లేక పల్లెలు విడిచి, బాలానగరపు యంత్రశాలలకు పనికై వచ్చిన కుటుంబములకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కావున ప్రియ విద్యార్థులారా! ఏ సంఘమువారు మిమ్ము పిలిచినను, వారి సభ్యుల పట్టికను రెండుమారులు చూడుడు. మొదటిమారు అందున్న పేర్లు చదువుడు. రెండవమారు, ఆ సంఘము కోరునది నెరవేరినచో ఎవరి బ్రదుకు మారునో ఆలోచించి, వారి పేర్లు అందు గలవో లేవో వెదకుడు. లేనిచో, వారిని చేర్చుకొనుటకు ఏమి చేయుచున్నారని నిర్భయముగా, మర్యాదతో అడుగుడు. ఆ ప్రశ్నకు లభించు సమాధానమును బట్టి చేరుటయో, మానుటయో మీరే నిశ్చయించుకొనవచ్చును.