299వ స్థానము

పాఠశాలనుండి వచ్చిన కుమార్తె "అమ్మా, నేడు పందెములో పరుగెత్తితిని" అని చెప్పినప్పుడు మన నోట మొదట వెడలు ప్రశ్న "ఎన్నవ స్థానము వచ్చినది?" అనునదియే. "రెండువందల తొంబదితొమ్మిదవది" అని యామె బదులు చెప్పినచో మనమేమందుము? కొందరము నవ్వుదుము. కొందరము "ఆ పరుగులు చాలించి చదువు చూచుకొనుము" అందుము. ఈ మాసమున మేము అట్టి 299వ బాలిక యొకతె కథను మీకు వినిపింపదలచితిమి.

ఆమె పేరు పౌలా రాడ్‌క్లిఫ్. 1973వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి చెషైరు ప్రాంతమున జన్మించెను. ఆమె తండ్రి వేడుకకై మారథాను పరుగు లభ్యసించినవాడు. ఆయనను చూచి యామెయు ఏడవయేట పరుగు మొదలిడెను. కొంతకాలమునకు ఆ కుటుంబము బెడ్‌ఫర్డు ప్రాంతమునకు తరలిపోయెను. అచటి క్రీడాసంఘమున అలెక్సు స్టాంటను అను శిక్షకుడు బాలికల జట్టును మిక్కిలి శ్రద్ధతో తీర్చిదిద్దుచుండెను. పౌలా ఆ సంఘమున చేరెను. తండ్రి సంఘమునకు ఉపాధ్యక్షుడయ్యెను. తల్లి స్త్రీల క్రాసుకంట్రీ జట్టును నడుపు భారము వహించెను. బిడ్డను పంపివైచి తాము ఇంట కూర్చుండిన తలిదండ్రులు కారు వారు.

క్రాసుకంట్రీ యనగా చదునుచేసిన మైదానమున గీతల నడుమ పరుగెత్తుట కాదు. పచ్చికబయళ్లు, పొలములు, గుట్టలు, అడవిదారులు దాటుచు పోవలెను. ఇంగ్లండున ఈ పందెములు చలికాలమున జరుగును గనుక వానయు బురదయు తప్పవు. వందలకొలది బాలికలు విశాలమైన బయలున వరుసదీరి యొక్కమారుగా బయలుదేరుదురు. కొంతదూరము పోవుసరికి దారి యిరుకగును. మోచేతులు తగులును, ముందుపోవువారి కాలిబురద ముఖమున చిందును, జారిపడువారు, బురదలో బూటు పోగొట్టుకొనువారు కూడ కలరు. చూడవచ్చినవారి కన్నులన్నియు మొదటి పదిమందిమీదనే యుండును. నడుమనున్న పిల్లకు, ఊపిరి చాలనప్పుడు, నిలిచిపోవుదునా సాగుదునా యను ప్రశ్నను తనకు తానే తీర్చుకొనక తప్పదు.

అయినను ఈ పందెమున నడుమనున్నవారికిని విలువ కలదు. జట్టులో లెక్కకు వచ్చువారి స్థానములను కూడుదురు. మొత్తము తక్కువైన జట్టు గెలుచును. కావున 60వ స్థానముననున్న పిల్ల గమ్యము చేరులోపల మరి యిద్దరిని దాటినచో జట్టు లెక్కలో రెండు తగ్గును. ఒక్కొక్కప్పుడు ఆ రెండే జయాపజయములను నిర్ణయించును.

1986లో, పండ్రెండేండ్ల వయసున, పౌలా దేశమునందలి నలుమూలల బాలికలు కూడిన క్రాసుకంట్రీ పందెమున పరుగెత్తెను. సుమారు 600 మందిలో ఆమెది 299వ స్థానము. ఆమె పరుగు మానలేదు. మరుసటియేట అదే పందెమున 4వదిగా వచ్చెను.

ఆమె యే రోగమునెరుగని దృఢకాయ యని తలపకుడు. చిన్ననాటనే ఆమెను ఉబ్బసము బాధించెను, రక్తహీనతయు తోడయ్యెను. అయినను ఆమె సాధన విడువలేదు. 1991లో బెల్జియము దేశపు ఆంట్వెర్ప్ నగరమున జరిగిన ప్రపంచ క్రాసుకంట్రీ పోటీలో, చిన్నవయసువారి పందెమున 15వ స్థానము పొందెను. 1992 మార్చిలో అమెరికాలోని బోస్టను నగరమున, మంచు కప్పిన నేలమీద, అదే పందెమున ప్రథమురాలయ్యెను. అప్పుడు రెండవదిగా వచ్చిన చైనా యువతి వాంగ్ జున్‌షియా మరుసటియేట 10,000 మీటర్ల పరుగున ప్రపంచమునందే మేటియైన వేగమును నెలకొల్పినది. బాలికలకై ప్రత్యేకముగా ఈ ప్రపంచ పందెమును మొదలిడినది 1989లోనే యని గమనింపుడు. స్త్రీపురుషులిరువురును సమానముగా 10 కిలోమీటర్లు పరుగెత్తుట 2017లో గాని రాలేదు.

పరుగువలన చదువు చెడునని భయపడు తల్లులకొక మాట. పౌలా లఫ్‌బరో విశ్వవిద్యాలయమున ఐరోపా భాషలు చదివి ప్రథమశ్రేణిలో పట్టము పొందినది.

పెద్దల పందెమున ఆమెకు విజయము వెంటనే లభింపలేదు. 1997లోను, 1998లోను రెండవస్థానముతోనే తృప్తిపడవలసివచ్చెను. తుదకు 2001లో ఆస్టెండునందలి బురదలోను, 2002లో డబ్లినునందును ప్రథమస్థానము దక్కెను. 2003లో లండను మారథానును 2 గంటల 15 నిమిషముల 25 సెకండ్లలో ముగించెను. పదునారేండ్లవరకు, 2019లో కెన్యా వనిత బ్రిజిడ్ కోస్గే దానిని దాటువరకు, మరియే స్త్రీయు అంత శీఘ్రముగా మారథాను పూర్తిచేయలేదు.

పరుగెత్తు పిల్లలందరును పౌలాలు కాగలరని మేము చెప్పుట లేదు. ఆనాడు ఆమెకు ముందు గమ్యము చేరిన 298 మందిలో పెక్కుమంది పేర్లు లోకమెరుగదు. వారికిని ఆ పరుగు వ్యర్థము కాలేదని మా నమ్మకము. ఊపిరియు కాళ్లును బలపడినవి; ఓడియు నవ్వుచు ఇల్లు చేరుట అలవడినది.

మన యిండ్లలో బాలికకు ఆయాసము కలిగినచో వెంటనే ఆట మాన్పింతుము. అట్లు మాన్పింపక ముందు వైద్యునకు చూపుడు. ఉబ్బసమున్నను తగిన మందు వాడుచు ఆడవచ్చును. ఎదుగు పిల్లలలో రక్తహీనత మెండు; ఆకుకూరలు, పప్పులు పెట్టుడు; వానితో నిమ్మకాయయో ఉసిరికాయయో చేర్చుడు. భోజనముతోబాటు కాఫీ, తేనీరు ఈయకుడు. అవి యాహారమందలి యినుమును ఒంటబట్టనీయవు.

మరియొకటి. ఈసారి మీ కుమార్తె పందెమునుండి వచ్చినప్పుడు స్థానమును పిదప నడుగుడు. ముందుగా కాళ్లకంటిన బురద కడిగి, మంచినీళ్లిచ్చి, "దారి యెట్లుండెనమ్మా? ఎచట కష్టమైనది?" అని యడుగుడు. మరుసటియేట మరల పోవలెనను కోరిక ఆ మాటలలోనే తెలియవచ్చును.